ముఖం ఒక్కటి చాలు

కళ్ళద్దాల షాపు వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసే మనిషికి పేరుతో పనేముంది? షాపుకొచ్చేవాళ్ళకీ వీధిలోవాళ్ళకీ ఆయన అద్దాలాయన. పొద్దున్నించీ సాయంత్రం దాకా మిషను ముందు కూర్చుని, గాజుపొడి కలిసిన నీళ్ళలో వేళ్ళు నానబెట్టుకుని, జనం చూపు సరిచేసి పంపిస్తాడు. ఇంటికొచ్చాక టీ తాగి, పాత కంప్యూటర్ ముందు చేరి బ్లాగు రాసుకుంటాడు. కొత్త కళ్ళజోడు పెట్టుకోగానే భార్యని చూసి "ఎప్పుడింత ముసలిదానివయ్యావే?" అని తిట్లు తిన్న పెద్దాయన సంగతి, మేడమీద నీళ్ళ ట్యాంకు దగ్గర రోజూ తనతో పేచీ పెట్టుకునే కాకి సంగతి, ఇలాంటివి. ఏళ్ళ తరబడి రాస్తున్నాడు. చదివేవాళ్ళెవరంటే, భార్య చదువుతుంది. బావమరిది చదివానని చెబుతాడు. ఇంకెవరో ఊరూ పేరూ తెలియని పుణ్యాత్ముడు ప్రతిదాని కిందా "బావుంది" అని ఒక్క ముక్క రాసి పోతాడు. ఆ ఒక్క ముక్క కోసం అద్దాలాయన పూటపూటా కంప్యూటర్ తెరిచి చూసుకునేవాడు.

అలాంటి మనిషికి ఓ రోజు షాపులో ఉండగా ఫోనొచ్చింది. అవతల ఎవరో అమ్మాయి గొంతు, గడగడా మాట్లాడేస్తోంది. "మీ బ్లాగులో మందు తాగే ఫోటో ఉంది కదండీ, అదంటే మా టీమ్ మొత్తానికి పిచ్చి! మా సోషల్ మీడియా సదస్సుకి మీరు రావాల్సిందే. స్టేజీ మీద పది నిమిషాలు మీవే!"

ఫోటో అన్న మాట ఈయన చెవిన సరిగ్గా పడలేదు. పది నిమిషాలు మీవే అన్నది మాత్రం బాగా పడింది. ఇన్నాళ్ళకి తన రాత ఎవరికో నచ్చిందని ఏనుగెక్కినంత సంబరపడిపోయాడు.

ఆ ఫోటో సంగతి చెప్పాలి. అంతకు రెండేళ్ళ కిందట ఆయన భార్యకి కామెర్లొచ్చాయి. చిన్నపిల్లల బడిలో టీచరు ఆవిడ, ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి. తిండి సయించక, మంచానికి అతుక్కుపోయి సగమైపోయింది. ఆకలి పుట్టడానికని డాక్టరు నల్లటి మందొకటి రాసిచ్చాడు. అది నాలిక మీద పడితే ప్రాణం పైకొచ్చేది. "అంత మంచిదైతే ముందు మీరు తాగండి" అని ఆవిడ చెంచా తెచ్చి ఆయన నోటి దగ్గర పెట్టింది. ఈయన పెద్ద వీరుడిలా నోరు తెరిచి మింగాడు. మింగాక కనుబొమలూ ముక్కూ పెదాలూ అన్నీ కలిసి మొహం మధ్యకి పరిగెత్తుకొచ్చాయి. అది చూసి ఆవిడ పడీపడీ నవ్వింది. జబ్బు పడ్డాక అదే మొదటిసారి నవ్వడం. పక్కనే ఉన్న బావమరిది టక్కున ఫోను తీసి ఫోటో కొట్టాడు. చెంచా పట్టుకున్న ఆవిడ చెయ్యి, చిక్కిపోయిన మొహం నిండా నవ్వు, ఎదురుగా ఈయన అవస్థ, అన్నీ అందులో పడ్డాయి.

మర్నాటి నించి అదే నియమమైంది. ముందు ఈయనకో చెంచా, తరవాత ఆవిడకో చెంచా. చెంచాడు మందుకి మీకేం కాదులెండి అని డాక్టరు కూడా నవ్వేశాడు. ఈయన మొహం చిట్లిస్తే ఆవిడ మొరాయించేది. అందుకని పట్టుబట్టి నేర్చుకున్నాడు. కనురెప్ప కూడా కదలకుండా మింగి, పెదవి తుడుచుకుని, "ఇంకొంచెం ఉందా?" అని అడిగేవాడు. ఆవిడకి నవ్వొచ్చేది, ఆ నవ్వులోనే తన చెంచా మింగేసేది. అలా సీసాలు ఖాళీ అయ్యాయి, ఆవిడ లేచి తిరిగింది, మళ్ళీ బడికెళ్ళింది. ఇదంతా బ్లాగులో రాసి, కింద ఆ ఫోటో పెట్టాడు. తను రాసినవాటిలో తనకే కళ్ళు చెమర్చిన ముక్క అదొక్కటే. అది నలుగురి ముందూ చదవాలి, వెనకాల తెర మీద ఆవిడ నవ్వు అందరికీ కనబడాలి. ఆయనకి కావలసిందల్లా అంతే.

వారం రోజులు అద్దం ముందు నిలబడి చదవడం సాధన చేశాడు. జుట్టు కత్తిరించుకున్నాడు. భార్య మాత్రం చొక్కా ఇస్త్రీ చేస్తూ, "ఇప్పుడు అక్కడికి వెళ్ళకపోతే ఏమండీ?" అంది.

"అదేమిటోయ్! నీ గురించే కదా చదివేది!"

ఆవిడ చొక్కా మడిచి ఆయన చేతికిచ్చింది. తనూ వస్తానంది.

సదస్సు ఓ పెద్ద హోటల్లో. గుమ్మంలోనే ఒక కుర్రాడు "ఫాలోవర్లు ఎంతమంది?" అని అడిగాడు. లక్షలున్నవాళ్ళ చేతికి బంగారు రంగు పట్టీ, వేలున్నవాళ్ళకి నీలం, తక్కినవాళ్ళకి బూడిదరంగు. బంగారు పట్టీలకి సోఫాలు, బూడిద పట్టీలకి గోడవార ప్లాస్టిక్ కుర్చీలు. "ముగ్గురు" అని నిజాయితీగా చెప్పాడు అద్దాలాయన. కుర్రాడు నవ్వాపుకుని, ఈయన మొహంలోకి పరీక్షగా చూసి, ఒక్కసారిగా కళ్ళు పెద్దవి చేసి, "మీరా! మీకు బంగారందండీ!" అని పట్టీ కట్టాడు. ఆవిడకి బూడిదది కట్టాడు. అద్దాలాయనకి అక్కడే ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. అయినా రచయితకిచ్చే మర్యాద కాబోలనుకుని సర్దుకున్నాడు.

లోపలికెళ్ళాక సర్దుకోవడం కష్టమైపోయింది. వసారాలో ఒకమ్మాయి గోడకానుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. అయ్యో పాపం అని నీళ్ళ సీసాతో పరిగెత్తాడు. ఆ పిల్ల ఏడుపు ఠక్కున ఆపేసి, "అంకుల్, ఫ్రేములోకి వచ్చేశారు, కొంచెం జరగండి" అని, మళ్ళీ మొదటినించీ ఏడవడం మొదలెట్టింది. భోజనాల దగ్గర ఒకడు పళ్ళెంలో పది రకాలు పేర్చుకుని, ఫోటోలు తీసుకుని, ఒక్క మెతుకు ముట్టకుండా మొత్తం బుట్టలో పారేశాడు. ఇద్దరు ఆడవాళ్ళు "అక్కా!" "చెల్లీ!" అని వాటేసుకున్నారు. ఫోను దించగానే ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఒక గదిలో ఎవరో పెద్దమనిషి మైకు పట్టుకుని, ఇంట్లో చావు జరిగితే ఎన్నో రోజున వీడియో పెడితే బాగా పోతుందో పాఠం చెబుతున్నాడు, జనం బుద్ధిగా రాసుకుంటున్నారు. అద్దాలాయన ఆ గది గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు. ఛీ, మనుషులా వీళ్ళు, అనుకున్నాడు. అనుకోవడమేమిటి, మొహం మీద అచ్చేసినట్టు కనబడింది.

కనబడటమే ఆలస్యం, చుట్టూ నలుగురు ఫోన్లెత్తారు. "ఛీ బాబాయ్! ఛీ బాబాయ్ వచ్చాడ్రోయ్!"

ఆయన బిక్కమొహం వేసి భార్య వైపు చూశాడు. ఆవిడ తల దించుకుంది.

అప్పుడొచ్చింది చెవులకి హెడ్‌సెట్ తగిలించుకున్న అమ్మాయి, ఫోన్లో మాట్లాడింది ఈమే. ఊపిరి తీసుకోకుండా విషయం మొత్తం చెప్పేసింది. బ్లాగులోంచి ఎవరో ఈయన మొహం వరకు కత్తిరించి, కింద "ఛీ" అని రాసి, స్టిక్కర్ చేసి వదిలారట. వంట మాడినా, సినిమా బాగోలేకపోయినా, అల్లుడు నచ్చకపోయినా జనం ఈయన మొహమే పంపించుకుంటారట. "మీరు రోజూ లక్షల ఫోన్లలో తిరుగుతున్నారండీ!" అంది, వరమిచ్చిన దేవతలాగా.

"మరి నేను రాసింది?"

"ఏం రాశారు?" అంది ఆ పిల్ల.

ఆయనకి తల కొట్టేసినట్టయింది. జేబులోంచి కాయితాలు తీసి, పది నిమిషాలు నావే అన్నారు కదమ్మా, ఇది చదవాలి, అన్నాడు. పది నిమిషాలు ఎవరూ వినరండీ, అంది. అయిదు? లేదు. పోనీ ఒక్క పేజీ? ఆ పిల్ల గడియారం చూసుకుని బేరం తెంపేసింది. "స్టేజీ మీద రెండు గ్లాసులుంటాయి. మొదటిది చేదు రసం. అది తాగి మీ మొహం పెట్టాలి. రెండోది మా సదస్సుకి డబ్బు పెట్టిన కంపెనీ వాళ్ళ డ్రింకు. అది తాగి నవ్వాలి. అంతా బాగా వస్తే మీ బ్లాగు లింకు తెర మీద వేస్తాం, ఈ హాలంతా చదువుతుంది. సరేనా?"

"కనీసం ఫోటో అయినా మొత్తం వెయ్యండమ్మా. అందులో మా ఆవిడ ఉంది."

"ఆవిడుంటే చూపంతా అటు పోతుందండీ. మీ ముఖం ఒక్కటి చాలు."

ఆవిడ అక్కడే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి ఉంది. అద్దాలాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. ముక్కుపుటాలు అదిరాయి, పెదాలు బిగుసుకున్నాయి. హెడ్‌సెట్ పిల్ల చప్పట్లు కొట్టింది. "అదే! అదే మొహం! స్టేజీ మీద కూడా సరిగ్గా ఇలాగే పెట్టండి, ప్లీజ్!" అని ఎవరో పిలిస్తే పరిగెత్తింది.

భార్య ఆయన్ని ఓ మూలకి లాక్కెళ్ళి కూర్చోబెట్టింది.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసండీ. బడిలో పిల్లల తల్లులే నాకు పంపించారు. తమ్ముడికీ తెలుసు."

"మరి చెప్పొద్దూ?"

"చెబితే ఆ రాసింది తీసేస్తారని భయమేసింది. మీరు రాసినవాటిలో నేను మళ్ళీ మళ్ళీ చదువుకునేది అదొక్కటే." చీర చెంగు మడత పెట్టి విప్పుతూ అంది, "నన్ను కత్తిరించేశారని నాకేం లేదండీ. మిమ్మల్ని చూసి అందరూ ఛీ అనుకుంటున్నారే, అదే బాధ. ఆ రోజు మీరు నాకోసం మింగారు. పోదాం పదండి ఇంటికి."

పోదామనే లేచాడు. ఇంతలో మైకులో పిలుపు వినబడింది. "మన అందరి ఛీ బాబాయ్!" హాలు దద్దరిల్లింది. తెర మీద ఆయన మొహం, గోడంత. ఆ మొహం అంచున ఒక బొటనవేలు, వేలి కొన మాత్రం, చెంచా పట్టుకుని ఉంది. కత్తిరించినవాడు దాన్ని చూసుకోలేదు. ఆవిడలో మిగిలిందల్లా ఆ గోరు. దాన్ని చూశాక అద్దాలాయన కాయితాలు మడిచి భార్య చేతిలో పెట్టి, "కూర్చో, ఇప్పుడే వస్తా" అని మెట్లెక్కాడు.

యాంకరు కుర్రాడు భుజం మీద చెయ్యేశాడు, ఏ జన్మ బంధుత్వమో! "బాబాయ్, ఈ రోజు లైవ్‌లో చూస్తున్నారు జనం! ఒక్క ఛీ మా కోసం!" ఎదురుగా ఫోన్ల అడవి. గ్లాసు చేతికిచ్చారు, ఆకుపచ్చగా, చిక్కగా. వాసనకే కళ్ళలో నీళ్ళు తిరిగేలా ఉంది. ఆ హాలునీ, ఆ బంగారు పట్టీలనీ, భుజం మీది ఆ చేతినీ చూస్తుంటే తాగకముందే ఆయన మొహం ముడుచుకుపోవాలి. ఎంత అసహ్యం వేస్తే వీళ్ళకంత ఆనందం. నిజంగా ఛీ అన్నా వీళ్ళ సొమ్మే అవుతుంది.

ఆయన మూడో వరసలో గోడవార కుర్చీలో కూర్చున్న భార్యని చూశాడు. గ్లాసెత్తి, గుక్క తిప్పుకోకుండా, అడుగు దాకా తాగాడు. కనుబొమ కదల్లేదు. ముక్కు కదల్లేదు. ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, పెదవి తుడుచుకుని, మైకు దగ్గరికి వంగి, కాఫీ అడిగినంత మామూలుగా అడిగాడు.

"ఇంకొంచెం ఉందా?"

యాంకరు నవ్వు మొహం మీదే ఎండిపోయింది. "బాబాయ్... ఛీ..." అని అందించాడు గుసగుసగా. అద్దాలాయన రాయిలా నిలబడ్డాడు. ఇందులో ఏముంది అన్నట్టు ఒక్కో ఫోనూ కిందికి దిగుతోంది. కంపెనీ వాళ్ళ గ్లాసు బల్ల మీదే ఉండిపోయింది. తెర మీద ఏ లింకూ రాలేదు.

అప్పుడు మూడో వరసలోంచి ఒక్కతే నవ్వింది. మొదట కొంగు అడ్డం పెట్టుకుంది, తరవాత ఆపుకోలేక, కాయితాలు ఒళ్ళోంచి జారిపోతున్నా పట్టించుకోకుండా, పడీపడీ నవ్వింది. జనమంతా తలలు వంచుకుని ఫోన్లలో వేరే ఏదో చూసుకుంటున్నారు. హాల్లో అన్ని కెమెరాలుండీ ఆ నవ్వు ఒక్కదాంట్లోనూ పడలేదు.

బయటికొచ్చి, బంగారు పట్టీ పీకి చెత్తబుట్టలో వేసి, ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు. ఆవిడకింకా నవ్వు తెరలు తెరలుగా వస్తూనే ఉంది.

"నిజం చెప్పండి, ఎలా ఉంది?"

అద్దాలాయన అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. అప్పుడు ఆవిడ వైపు తిరిగి, కనుబొమలూ ముక్కూ పెదాలూ అన్నీ కలిపి, ఇంతసేపూ దాచుకున్న మొహం పెట్టాడు.