ఇద్దరం పట్టిన రేకుపెట్టె

వానాకాలంలో మా టేకుపెట్టె మూత తీస్తే ఎండు వేపాకు, పాత బియ్యం కలిసిన వాసన ఇప్పటికీ గుప్పుమంటుంది. వెంటనే లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు దగ్గరి మా పెంకుటిల్లు గుర్తుకొస్తుంది.

వర్క్‌షాపులో వడ్రంగిగా చేసిన మా తాత రెండు వేళ్ల మందం పలకలతో చేసిన పెట్టె అది. క్రిస్మస్‌కు గరిజలు, ఎండాకాలంలో వడియాలు, మిగతా రోజుల్లో బట్టలు, అన్నిటికీ అదే దిక్కు. నాయినమ్మ దానిమీదే కూర్చుని చింతపండు గింజలు తీసేది, బైబిలు చదివేది, మమ్మల్ని తిట్టేది. బియ్యం మాత్రం పక్కనున్న సొట్టల రేకుపెట్టెలో ఉండేవి. అవి అడుగంటినప్పుడల్లా పక్కింటి దర్జీ కూతురు జుబేదా, నేను మోకాళ్లు ముడుచుకుని అందులో దాక్కునేవాళ్లం. టేకుపెట్టెలో ఒక్కరికే చోటు, రెండోవాళ్లు ఎప్పుడూ దొరికిపోయేవాళ్లు.

పోలీస్ యాక్షన్‌కు ముందు దుకాణాలు మూతపడ్డాయి, ఎవరినోట విన్నా భయమే. బోయిన్‌పల్లిలో మేనత్త ఇంటికి వెళ్లిపోదామన్నారు. బండిలో ఒక్క పెట్టెకే చోటుంది, బజారు తెరిచేదాకా ఇంటిల్లిపాదికీ తిండి అందులోనే పట్టాలి. మిషన్ బడిలో లెక్కలు చెప్పే నాయిన కొలబద్ద తీసి రెండు పెట్టెల పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, పలకమీద గుణించి తేల్చేశాడు.

“టేకుదాంట్లనే ఎక్కువ పడతయి.”

“రేకుదాంట్లనైతే మేమిద్దరం పడతం నాయినా,” అన్నాను.

“ఇది ఆట కాదు బిడ్డా, లెక్క.”

బియ్యం ఒంపుతుంటే టేకుపెట్టె అంచులదాకా నిండింది, రేకుపెట్టెలో ఇంకా చాలా మిగిలాయి. పెట్టెను బయటివైపు నుంచి కొలిచిన నాయిన, తాత వేసిన పలకల మందాన్ని కూడా బియ్యం లెక్కలో కలిపేశాడు. మళ్లీ మార్చే వ్యవధి లేదు, వాన మొదలైంది, బండివాడు తొందరపెడుతున్నాడు. పనిలేక దర్జీ ఇంట్లో పొయ్యి సరిగా వెలగడం లేదని నాయినమ్మకు తెలుసు. గోడమీదుగా జుబేదా తల్లిని పిలిచింది.

“బీబమ్మా, ఈ పెట్టె జెర మీ ఇంట్ల పెట్టుకో. పిల్లలకు వండిపెట్టు.”

అంతా సద్దుమణిగాక తిరిగొచ్చాం. బీబమ్మ ఖాళీ పెట్టె తెచ్చి తలొంచుకుని నిలబడింది.

“అన్నీ అయిపోయినయమ్మా. పోరగాండ్లు ఆకలికి ఆగలే. జెర జెర తిరిగిస్త.”

“మా పెట్టెల పట్టనియి మావెట్లయితయి? పెట్టె సుత నువ్వే ఉంచుకో,” అంది నాయినమ్మ.

నాయిన అరుగుమీద కూర్చుని నవ్వాడు, లెక్క తప్పినందుకు ఆయన సంతోషపడటం నేను చూసింది అదొక్కసారే.

కొన్నాళ్లకు జుబేదావాళ్లు ఊరు వదిలారు. వాళ్ల సామానంతా ఆ రేకుపెట్టెలోనే సర్దుకున్నారు. జుబేదా బండిలో దానిమీదే కూర్చుని, మలుపు తిరిగేదాకా నావైపే చూసింది.

ఆ పెంకుటిల్లు లేదు, గోడ లేదు. టేకుపెట్టె మాత్రం చెక్కుచెదరకుండా మా గదిలో ఉంది. మనవలు దాగుడుమూతలాడుతూ ఒకళ్లే అందులో దాక్కుంటారు. రెండోవాళ్లు దొరికిపోయినప్పుడల్లా నాకు జుబేదా కావాలనిపిస్తుంది.