కృపక్క కాలికి బలం లేదన్నవాళ్ళకి

నిన్న పొద్దున ఫ్రిస్కోలో గ్రోసరీ షాప్ పార్కింగ్‌లో ఉన్నాను. వర్జీనియాలోని షాంటిలీ నుంచి కృపక్క వాళ్ళబ్బాయి ఫోన్.

"రత్నా ఆంటీ, అమ్మ పోయింది. ఇన్ హర్ స్లీప్."

కార్ డోర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా వెనక ఎవరో హారన్ కొడుతున్నారు. కొట్టుకోనీ.

సాయంత్రం చర్చ్ గ్రూప్‌లో మెసేజ్ చూశాను. "సిస్టర్ కృపావతి మృదుస్వభావి. ఎవరికీ ఎదురు చెప్పి ఎరుగరు."

ఎవరండీ ఇది రాసింది?

కృపక్కా? ఎదురు చెప్పలేదా?

నాకు ఏడుపు ఆగిపోయింది. ఒళ్ళు మండిపోయింది. అందుకే రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో వర్జీనియాలో మేమిద్దరం రూమ్‌మేట్స్. ఇద్దరం నర్సులం. తను తెనాలి, నేను బాపట్ల. నాకు హాస్పిటల్‌కి రైడ్ ఇచ్చే ఫ్రెండ్ ఉండేది. తనది వేరే హాస్పిటల్, ఆ దారిలో బస్ లేదు.

కింద ఫ్లాట్ ముసలాయన ఒక పాత మోటార్‌సైకిల్ అమ్మేస్తుంటే కొనేసింది. కిక్ కొట్టి స్టార్ట్ చేసే రకం. తెల్ల యూనిఫామ్, దాని మీద పెద్ద కోటు, హెల్మెట్. చర్చ్‌లో ఆంటీలు ముక్కున వేలేసుకున్నారు. తను లెక్క చేస్తేనా!

సమ్మర్ అంతా బండి బ్రహ్మాండంగా నడిచింది. చలికాలం రాబోతోందని రోడ్డు మీది షాప్‌లో సర్వీసింగ్‌కి ఇచ్చింది.

అక్కడి నుంచి మొదలైంది గోల. మధ్యాహ్నం ఎండలో స్టార్ట్ అవుతుంది. పొద్దున చలిలో మాత్రం కదలదు. కొట్టీ కొట్టీ పిక్కలు వాచిపోయేవి. డ్యూటీకి లేట్. మళ్ళీ లేట్. హెడ్ నర్స్ చెప్పేసింది, ఇంకోసారి లేటైతే పైకి రిపోర్ట్ చేస్తానని. జాబ్ పోతే వీసా పోతుంది. వీసా పోతే తెనాలి టికెట్.

మా చర్చ్ పెద్దాయన ఒకరు తన పికప్‌లో బండిని షాప్‌కి తీసుకెళ్ళారు. మేమూ వెళ్ళాం. లోపల హీటర్ వేసి వెచ్చగా ఉంది. కాసేపయ్యాక షాప్ ఓనర్ ఒక్క కిక్ కొట్టాడు. స్టార్ట్!

అతను కృపక్క వైపు చూడను కూడా చూడలేదు. పెద్దాయనతో అన్నాడు, "మీ ఆవిడ కాలికి బలం చాలదు. ఊరికే కొట్టి కొట్టి ఇంజిన్‌ని ఫ్లడ్ చేస్తోంది."

"పెట్రోల్ ఎక్కువైతే ప్లగ్ తడిగా ఉండాలి కదా. నేను విప్పి చూశాను, పొడిగా ఉంది," అంది కృపక్క.

అతను నవ్వాడు.

పెద్దాయన కూడా నవ్వారు! ఆమె నా భార్య కాదయ్యా అని ఒక్క మాట అనలేదు. పైగా దారంతా మాకు క్లాస్. "అమ్మేయమ్మా. ఆడపిల్లకి ఎందుకిది?"

ఇన్నేళ్ళైనా ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

ఆ ఆదివారం కృపక్క చర్చ్‌కి రాలేదు. నన్నూ పోనివ్వలేదు. పార్కింగ్ లాట్‌లో గడ్డకట్టే చలి. ప్లగ్ విప్పి ఇంజిన్‌కి ఆనించి నన్ను కిక్ కొట్టమంది. నీలంగా స్పార్క్ వచ్చింది. కార్బురేటర్ కింద స్క్రూ వదులు చేస్తే పెట్రోల్ కారింది.

"స్పార్క్ ఉంది, పెట్రోల్ ఉంది. మరి దీనికేం రోగం?"

ప్లగ్ మళ్ళీ బిగించింది. ఎయిర్ ఫిల్టర్ ఊడదీసి, కార్బురేటర్ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. "కొట్టవే రత్నా!"

నైటీ మీద కోటు వేసుకుని కొట్టాను. దగ్గింది. మళ్ళీ కొట్టాను. అంటుకుంది!

"చూశావా! చలిలో దీనికి గాలి తగ్గాలి. అప్పుడే పెట్రోల్ అందుతుంది. చోక్ చెయ్యాల్సిన పని నా చెయ్యి చేసింది."

టార్చ్ వేసి చూస్తే, చోక్ లీవర్ పూర్తిగా లాగినా లోపలి రేకు సగమే మూసుకుంటోంది. సర్వీసింగ్‌లో ఆ షాప్‌వాడే విప్పి తప్పుగా బిగించాడు. వాడు చేసిన తప్పు. నింద ఈమె కాలికి!

అక్కడికక్కడే సరిచేసుకుంది. మర్నాడు టైమ్‌కి డ్యూటీకి వెళ్ళింది. డ్యూటీ దిగి సరాసరి షాప్‌కి. నన్ను అక్కడికి రమ్మంది.

బండి బయట చలిలో పెట్టి, లోపల కస్టమర్ల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంది. ఏం కావాలి అన్నాడు ఓనర్. "ఇంజిన్ చల్లారాలి. వెయిట్ చేస్తున్నా." వెళ్ళమన్నాడు. వెళ్ళలేదు.

బాగా చల్లారాక అందరినీ బయటికి పిలిచింది. ఒక్క కిక్.

"సేమ్ లెగ్, సర్. మీరు చోక్ తప్పుగా బిగించారు. ఇంకెవరికి అలా బిగించారో చూసుకోండి."

సారీ చెప్పలేదు వాడు. లోపలికి వెళ్ళిపోయాడు. కానీ అక్కడున్న ఒక కస్టమర్ మాత్రం తన బండి కూడా అంతేనంటూ వాడి వెనకాలే వెళ్ళాడు.

తర్వాతి ఆదివారం పెద్దాయన దగ్గరికెళ్ళి, అందరి ముందూ అడిగేసింది. "అంకుల్, ఆ రోజు ఎందుకు నవ్వారు?" ఆయన గబగబా వెళ్ళి పికప్ ఎక్కేశారు.

ఇదీ కృపక్క. ఎదురు చెప్పి ఎరుగరట!

మంచిది. చాలా మంచిది. నా కాన్పుకి డ్యూటీ మానుకుని నా పక్కన కూర్చుంది. కానీ మంచితనమంటే నోరు మూసుకోవడం అని ఎవరు చెప్పారు మీకు?

అక్కా, నీ మీద కూడా కోపంగానే ఉంది. పోయిన వారం ఫోన్‌లో గుండెల్లో మంట అన్నావు. ఎసిడిటీలే అని కొట్టిపారేశావు. నలభై ఏళ్ళు నర్స్‌గా చేసినదానివి. అది గుండె జబ్బు కావచ్చని నీకు తెలీదా? నన్నైతే నీ బండి మీదైనా ఎమర్జెన్సీకి లాక్కుపోయేదానివి కదా.

నిన్ను తిట్టడానికి కూడా లేకుండా పోయావు.

వెళ్ళిరా అక్కా. ప్రభువు ఒడిలో హాయిగా నిద్రపో. నాకు నెమ్మది రావడానికి మాత్రం చాలా టైమ్ పడుతుంది.

నీ రత్న