తిరగేసిన మర

మా వదిన కుదురుగా కూర్చోవడం నేను ఎరగను. అన్నం కూడా కంచం చేత్తో పట్టుకుని వంటింటికీ వరండాకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే తింటుంది. "కాసేపు ఒకచోట కూలబడితే నీ సొమ్మేం పోతుంది వదినా?" అంటే, "కూర్చుంటే లేనిపోని ఆలోచనలొస్తాయే" అంటుంది. తిరుగుతున్నా వస్తాయి. ఆ సంగతి మాత్రం చచ్చినా ఒప్పుకోదు.

ఆమె మా ఆయనకు అక్క. మేడమీద గది ఆమెది. మా ఆయన లారీ వెంట ఊళ్లు తిరుగుతుంటాడు గనుక, ఇంట్లో ఎప్పుడూ ఉండేది మేం ముగ్గురం: వదిన, నేను, మామయ్య.

వదిన పనిచేసేది ఒక రేకుల షెడ్డులో. గాజు సీసాలకు చెక్క మూతలు తయారుచేసే చోటు. అక్కడ సీఎన్‌సీ రౌటర్ నడుపుతుంది. కంప్యూటర్‌లో ఏ దారి గీసిపెడితే ఆ దారినే బిట్టును, అంటే తిరిగే కోత ములికిని, నడిపించి చెక్కను కోసే యంత్రం అది. మూత లోపల మర కోయాలంటే ఆ బిట్టు గిర్రున తిరుగుతూ, మూత లోపలి అంచు వెంట ప్రదక్షిణ చేస్తూ, చేస్తూనే మెల్లగా కిందికి దిగాలి. చెప్పినంత తేలిక కాదట. మర చుట్లు సన్నగా పెడితే చెక్క పెళుసుగా రాలిపోతుంది. పీచు అడ్డం తగిలిన చోట అంచు లేచిపోతుంది. వాన పడితే మూత ఉబ్బి బిగుసుకుంటుంది, ఎండ కాస్తే వదులైపోతుంది. "నిలకడ లేని సరుకే ఇది" అని వదినే అంటుంది. ఎవరు ఎవరిని అంటున్నారో చూడండి!

మామయ్య సైకిల్ మెకానిక్. షాపు మూసి చాలా కాలమైంది. ఈ మధ్య మతిమరుపు పట్టుకుంది. పాత సంగతులు పూసగుచ్చినట్టు చెబుతారు గానీ, పొద్దున బీపీ మాత్ర వేసుకున్నది మాత్రం నీళ్ల గ్లాసు కింద పెట్టేలోపే మరిచిపోతారు. మళ్లీ వేసుకుంటారు. ఒకరోజు అలాగే రెండోది, ఆపైన మూడోది కూడా వేసుకున్నట్టున్నారు, కళ్లు తిరిగి స్నానాల గది గుమ్మం మీద పడ్డారు. కనుబొమ చిట్లింది. ఇంకోసారి ఇలా జరిగితే మనిషి దక్కడని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు.

మందుల డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాం. "నా ఇంట్లో నన్నే దొంగను చేశారా?" అని అన్నం ముట్టలేదు. పూటకొక్క మాత్ర తీసి చేతికిస్తే, "నేనేమైనా పసిపిల్లాణ్ణా?" అని విసిరికొట్టారు. అసలు కనపడకుండా దాచేస్తే, వీధి చివరి మందుల షాపుకు నడిచివెళ్లి కొత్త అట్ట కొనుక్కొచ్చారు! డబ్బా ఆయన కళ్లెదురుగా, ఆయన గూట్లోనే ఉండాలి. ఆయన చేతికి మాత్రం తెరుచుకోకూడదు. వదిన బుర్రలో ఇదొక్కటే పురుగులా తొలిచేది.

చివరికి ఆమెకు తట్టింది ఏమిటంటే, మర తిరగేయడం. లోకంలో ఏ మూతైనా ఎడమకు తిప్పితే ఊడుతుంది, కుడికి తిప్పితే బిగుస్తుంది. బిట్టు కిందికి దిగుతూ చేసే ప్రదక్షిణను ఎదురు దిక్కుకు మారిస్తే అంతా తారుమారు. అలాంటి మూత గాజు సీసాకు పట్టదు గనుక, దానికి జోడీగా చెక్క డబ్బా కూడా తనే చేయాలి. భోజనం వేళ మిగిలిన ముక్కలతో మొదలుపెట్టింది. ఒకటి లొడలొడలాడింది. ఇంకొకటి మర అంచులు చిట్లిపోయి గరుకుగా వచ్చింది. షెడ్డు మేస్త్రీ, "తిండి తినవమ్మా తల్లీ, మూత ఎక్కడికీ పారిపోదు" అని మొత్తుకున్నా వినలేదు. కుదిరిన దానికి మైనం రాసి, జడ నిండా చెక్కపొట్టుతో ఇంటికొచ్చింది.

"తియ్యి చూద్దాం" అని నా చేతిలో పెట్టింది. నా వల్ల కాలేదు. ఎంత తిప్పితే అంత బిగుసుకుంది. "నీది దొంగబుద్ధి వదినా" అని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

మాత్రలన్నీ అందులో పోసి గూట్లో పెట్టాం. మర్నాడు నవ్వు రాలేదు. పొద్దుటి మాత్ర మేమే తీసి డబ్బా పక్కన పెడితే, తనే తీసిపెట్టుకున్నాననుకుని వేసుకున్నారు. కాసేపటికి మామయ్య గూట్లోంచి డబ్బా తీశారు. తిప్పారు. తువ్వాలు చుట్టి తిప్పారు. మణికట్టు మీద నరాలు ఉబ్బాయి. మేమిద్దరం వంటింటి తలుపు వెనక నక్కి చూస్తున్నాం. చివరికి డబ్బాను యథాస్థానంలో పెట్టేసి, రెండు చేతులూ తిప్పి చూసుకున్నారు. "చేతుల్లో పస అయిపోయిందమ్మా" అన్నారు నాతో, ఏదో తప్పు చేసినవాడిలా. నాకు తల తీసేసినట్టయింది. వదిన చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి వెళ్లిపోయింది.

ఆరోజు నుంచి మనిషి జావకారిపోయారు. కుళాయి కారుతుంటే నన్ను పిలిచి కట్టమనేవారు. పక్కింటి వాళ్లు సైకిల్ గొలుసు ఊడిందని తెస్తే, "నా వల్ల కాదు, షాపుకు తీసుకెళ్లండి" అనేశారు. ఆయన నోట ఆ మాట మేమెన్నడూ వినలేదు.

"పడిపోకుండా చూద్దామని నేనే కూలదోశానే" అని వదిన మెట్లెక్కుతూ దిగుతూ ఒకటే గొణుగుడు.

నాకు ఒళ్లు మండింది. "అయితే మామూలు మూత పెట్టేద్దామా? ఈసారి పడితే ఎవరు లేపుతారు?"

"నాకు తెలీదు. నన్నడక్కు!"

ఆ తగవు తెగకుండానే సెలవురోజు వచ్చింది. మామయ్య వరండాలో కూర్చుని డబ్బా ఒళ్లో పెట్టుకున్నారు. ఎడమకు తిప్పారు. చెయ్యి ఆగింది. ఈసారి బలం పెట్టలేదు. వీధిలో పోయేవాళ్లను చూస్తూనే, అలవోకగా కుడికి తిప్పారు. మూత ఊడి చేతిలోకొచ్చింది.

వదిన నెత్తి కొట్టుకుంది. సైకిల్‌కు ఎడమ పెడల్ మర తిరగేసే ఉంటుంది, లేకపోతే తొక్కేకొద్దీ ఊడిపోతుంది. ఆయన బతుకంతా అలాంటివి బిగించడమే సరిపోయింది. ఆ షాపులో పానాలు అందిస్తూ పెరిగిన పిల్లకు ఇది గుర్తే రాలేదు. మతిమరుపు మామయ్య ఒక్కరికే అనుకున్నాం.

మామయ్య మూత వెల్లకిలా తిప్పి, మర చుట్ల మీద గోరు పోనిచ్చారు. మొహం చేటంతయింది. "ఏమే, ఇటురా! ఎడమ మర, అదీ చెక్కలో! ఎవరు కోశారిది?"

"నేనే నాన్నా."

"ఎంత బాగా కోశావే! ఒక్క అంచు లేవలేదు. అది సరే, తిరగేసి ఎందుకు కోశావు?"

యంత్రం పొరపాటని చెప్పెయ్యమని నేను తలుపు దగ్గర నుంచి కళ్లతో సైగలు చేస్తూనే ఉన్నాను. వదిన నావైపు చూడలేదు.

"నువ్వు తియ్యకూడదని నాన్నా."

ఆయన డబ్బాలోని మాత్రల వైపు చూశారు. "మాత్రలు మళ్లీ మళ్లీ వేసుకుంటున్నానా?"

"ఊఁ."

కనుబొమ మీది మచ్చ తడుముకున్నారు. "ఇది అందుకేనా?"

"అందుకే. పడిపోయావు."

"అయితే ఇది పనికిరాదు. దీని గుట్టు తెలిసిపోయింది. నేను తియ్యలేనిది చెయ్యి."

"నువ్వు తియ్యలేని మర కొయ్యడం నాకు రాదు నాన్నా" అంది వదిన.

మామయ్య నవ్వారు. ఎన్నాళ్లకో ఆ నవ్వు. డబ్బాకు మూత బిగించి ఆమె చేతిలో పెట్టారు. "నీ దగ్గరే ఉంచుకో. రేపు అడుగుతాను. మరిచిపోతాను కదా, అరుస్తాను కూడా. ఇవ్వకు."

నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

మర్నాడు పొద్దుటి మాత్ర వదినే ఇచ్చింది. ఆమె పనికి బయల్దేరే వేళకు మామయ్య గూడంతా తిరగేస్తున్నారు. "నా డబ్బా ఏదీ? ఎవరు తీశారు?"

"నా దగ్గరుంది నాన్నా. నువ్వు మాత్ర వేసేసుకున్నావు."

"వేసుకోలేదు. ఇలా ఇయ్యి!"

"నువ్వే ఇవ్వొద్దన్నావు."

"నేనా? ఎప్పుడన్నాను? అబద్ధాలు నేర్చావా?"

ఇల్లెగిరిపోయేలా అరిచారు. వదిన సంచీ గుండెకు అదుముకుని గుమ్మం నుంచి గూటి దాకా, గూటి నుంచి గుమ్మం దాకా తిరుగుతోంది. ఇచ్చేస్తుందేమోనని నాకు భయం. "నిన్న ఇక్కడే అన్నావు నాన్నా, ఈ వరండాలోనే" అని అన్నదే అంటోంది. మామయ్యకు ఆయాసం వచ్చి కుర్చీలో కూర్చున్నారు. కూతురి మొహంలోకి చాలాసేపు చూశారు.

"కోపంలో అన్నానా?"

"కాదు. నవ్వుతూ అన్నావు."

చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నారు.

"అయితే ఇవ్వకు" అన్నారు.