ఎక్కడికీ పోని మనిషికి వీడ్కోలు సభ

మా నాయన వేలూరులో కాలేజీ మేష్టరు. పాఠం చెప్పేది చరిత్ర, ప్రాణం మాత్రం ఏడాదికొకసారి జరిగే ప్రశ్నల పోటీ మీద. చుట్టుపక్కల కాలేజీల పిల్లలు జట్లుగా వచ్చి హాల్లో కూర్చునేవారు. ఈయన ప్రశ్న అడుగుతాడు, ఏ జట్టు ముందు గంట కొడితే ఆ జట్టు జవాబు చెప్పాలి. తెల్లదొరల కాలంలో మొదలుపెట్టి ఒక్క ఏడాది కూడా మానలేదు. పోటీ నెలలో ఇంట్లో ఆయనతో మాట్లాడటం దండగ. పులుసు ఇంకొంచెం పొయ్యమంటారా అని అమ్మ అడిగితే బర్మా రాజధాని ఏదని ఎదురడిగేవాడు. ఆమె పులుసు పోసి పోయేది.

స్వతంత్రం వచ్చాక ఆయన పని రెట్టింపయింది. సంస్థానాల మీద ప్రశ్నలు రాసిపెట్టుకుంటే పోటీ నాటికి సంస్థానాలు లేవు. గవర్నర్ జనరల్ ఎవరని రాసుకుంటే ఆ పదవినే ఎత్తేశారు. మద్రాసు రాష్ట్రంలో జిల్లాలెన్ని అన్న ప్రశ్న ఎన్నో ఏళ్ళు నమ్మకంగా పనిచేసింది, ఆంధ్ర విడిపోయేసరికి అదీ చెడింది. దేశం ఒకచోట కుదురుగా నిలబడితే కదా ప్రశ్న అడిగేది అని విసుక్కుంటూ మళ్ళీ రాసేవాడు. ఆయన చాదస్తం చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆంధ్ర విడిపోయిన ఆ ఏడాది మమ్మల్ని అడగని పాపాత్ముడు లేడు, మీ ఊరికి ఎప్పుడు పోతున్నారని. వేలూరు పక్క తొరపాడిలో మేముండే ఇంటికి కూరగాయలు తెచ్చే ఆమె మొదలు కాలేజీ పెద్దల దాకా ఇదే మాట. మా ఊరు గుడియాత్తం, వేలూరికి దగ్గరే, గీత గీశాక కూడా అరవం వైపే ఉంది. మావాళ్ళు ఏ కాలంలో వచ్చారో, ఎక్కడి నుంచి వచ్చారో మాలో ఎవరికీ తెలియదు. మా భూములు అక్కడ, మా పెళ్ళిళ్ళు అక్కడ, మా దాయాదుల తగాదాలు కూడా అక్కడే. ఇంట్లో మాట తెలుగు, బళ్ళో చదువు అరవం. నేను తెలుగు అక్షరాలు దిద్దింది పెళ్ళయ్యాక, అత్తగారింట్లో, పిల్లల పలక మీద.

ఆ రోజుల్లోనే చిత్తూరు నుంచి ఒక కాలేజీవాళ్ళు నాయనను రమ్మని కబురు పంపారు. జీతం ఎక్కువ. ఆయన రాలేనని మర్యాదగా జవాబు రాసి ఊరుకున్నాడు. రమ్మన్నారన్న సంగతి వేలూరంతా పాకింది. రానన్న సంగతి అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. వద్దన్నానని చెప్పుకుంటే గొప్పలు పోయినట్టు ఉంటుందని ఆయన బాధ.

కాలేజీ పిల్లలు నాయనకు సన్మానం తలపెట్టారు. మా వైపు ఒక పద్ధతి ఉంది: సన్మానం చేయబోయే మనిషిని ముందుగా ఏమీ అడగరు. అడిగితే ఆయనే చేయించుకున్నట్టు అవుతుందట. అందుకని ఎందుకు చేస్తున్నారో వాళ్ళు చెప్పలేదు, ఈయన అడగలేదు. ఇన్నేళ్ళ పోటీకి మెచ్చుకుంటున్నారనుకుని మురిసిపోయాడు. చాకలి చేసిన ఇస్త్రీ నచ్చక పంచెను ఇంట్లో మళ్ళీ ఇస్త్రీ చేయించాడు. చేసింది నేనే.

సభలో అమ్మా నేనూ ముందు వరుసలో కూర్చున్నాం. గంధపు మాల వేశారు, జరీ శాలువా కప్పారు. ఆయన సిగ్గుపడుతూ నవ్వుతున్నాడు. మొదటి వక్త లేచి, మన మేష్టరు తన సొంత నేలకు తరలిపోతున్న ఈ దుఃఖ సమయంలో అన్నాడు. నాయన నవ్వు అలాగే ఉండిపోయింది. రెండో ఆయన, ఎంత దూరంలో ఉన్నా మమ్మల్ని మరవకండి అన్నాడు. చిత్తూరు ఎంత దూరమని? పొద్దున బస్సెక్కి పోతే మధ్యాహ్నం భోజనానికి తిరిగి ఇల్లు చేరొచ్చు. కడలి దాటి పోతున్నవాడికి చెప్పినట్టు చెబుతున్నారు. తరువాత మంచి తోలు పెట్టె ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టారు, ప్రయాణానికట. ఆ వెనకే ఒక కుర్ర మేష్టరును పిలిచి, వచ్చే ఏడాది నుంచి ప్రశ్నలు వేసేది ఈయనే అన్నారు. చప్పట్లు కొట్టారు. నాయన కూడా కొట్టాడు.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మీ నాయన మొగమాటానికి పోతానంటాడు, చూస్తా ఉండు" అంది. "మొగమాటానికి పోతే కడుపొచ్చిందంట. ఈయనకు అదీ వస్తాది."

ఆమె భయం ఊరికే కాదు. ఒకే పూట రెండు పెళ్ళిళ్ళకు పిలిస్తే రెండుచోట్లా కూర్చుని నిండుగా తిని, మూడు రోజులు మంచాన పడ్డ మనిషి ఆయన. ఇంత బాగా సాగనంపాక పోకపోతే పిల్లలు చిన్నబోతారని నిజంగానే మూట కట్టగలడు. ఆ పోటీ లేకపోతే ఆయన ఏమైపోతాడో నాకు బాగా తెలుసు. చిత్తూరు చేరాక గోడకు ప్రశ్నలు వేసుకుంటూ కూర్చుంటాడు. లేచి నేనే అరిచేద్దామనుకున్నాను. ఆడపిల్ల సభలో అరవకూడదని అమ్మ నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

పిల్లల సంఘం కార్యదర్శి మైకు తెచ్చి ఆయన ముందు పెట్టాడు. చక్కటి అరవంలో సభ నడిపిన పొడవాటి అబ్బాయి. నాయన లేచాడు. శాలువా సర్దుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆ వేదిక మీద ఇంగ్లీషు, అరవం తప్ప ఆయన నోట ఇంకో భాష ఎవరూ వినలేదు. ఆ రోజు ఆ రెండూ ఆయనకు రాలేదు. ముందు వరుసలో అమ్మను చూసి, ఇంట్లో అడిగినట్టే అడిగాడు.

"ఏమే, నన్ను యాడికి పంపిస్తాండారు వీళ్ళు?"

మైకు ఆ మాటను హాలు చివరిదాకా మోసుకుపోయింది. ఆ తరువాత నవ్వు మొదలైంది. ఒకళ్ళిద్దరు కాదు, దగ్గర దగ్గర సగం హాలు నవ్వింది. మిగతా సగం పక్కవాళ్ళను అర్థమేమిటని అడుగుతోంది. అంగళ్ళవాళ్ళ పిల్లలు, రెడ్ల పిల్లలు, నాయుళ్ళ పిల్లలు, ఇంట్లో తప్ప తెలుగు నోరెత్తని వాళ్ళంతా పళ్ళు బయటపెట్టి దొరికిపోయారు. అందరికంటే ముందు నవ్వింది కార్యదర్శి. నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

నాయన అతని వైపు తిరిగాడు. కోపంగా లేడు.

"నేను పోతాండానని ఎవురు చెప్పినారు నాయనా?"

"ఎవురూ చెప్పలేదు సార్" అన్నాడు ఆ అబ్బాయి, తెలుగులోనే. "తెలుగోళ్ళు కదా మీరు, పోతారనుకుంటిమి."

"నువ్వూ తెలుగోడివే కదప్పా. నువ్వెప్పుడు పోతాండావు?"

ఆ అబ్బాయికి అది ప్రశ్నలాగే అనిపించలేదు. వెంటనే అన్నాడు: "నేనేల పోవాల సార్? మాది గుడియాత్తం."

"మాదీ గుడియాత్తమే నాయనా" అన్నాడు మా నాయన.

మళ్ళీ ఎవరైనా నవ్వుతారేమోనని చూశాను. ఎవరూ నవ్వలేదు. ఆ అబ్బాయి తలకాయ వంచుకుని, బల్ల మీది తోలు పెట్టెను తీసి కింద పెట్టాడు.