పుష్పవల్లి పేరున పడవ

పుష్పవల్లికి ఒక సవతి ఉందని ఆ బ్లాకులో తెలియనివాళ్ళు లేరు. లిఫ్టు దగ్గర ఎవరు కనబడినా ఆమే చెప్పుకునేది మరి. "మా ఆయన ఇంట్లో లేరమ్మా. ఆదివారం కదా, దాని దగ్గరికి పోయినారు" అనేది. కొత్తగా దిగినవాళ్ళు పాపం గతుక్కుమనేవాళ్ళు. 'అది' అంటే చాంగీ వైపు ఒక బోటు యార్డులో కట్టేసి ఉండే పద్దెనిమిది అడుగుల ఫైబర్ పడవ అని ఆ తర్వాతెప్పుడో తెలిసేది.

పుష్పవల్లి, పరశురాముడు ఇద్దరూ మలేసియాలో, పెరాక్ కొబ్బరి తోటల మధ్య పుట్టిన తెలుగువాళ్ళు. పెళ్ళయిన కొత్తలో పని వెతుక్కుంటూ సింగపూరు వచ్చి ఆంగ్ మో కియోలో ఉండిపోయారు. ఆయన షిప్‌యార్డులో వెల్డరుగా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. ఆమె ఇంటికి దగ్గర్లోనే ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో, తయారైన సరుకుని పరీక్షించి స్టిక్కరు వేసే పనిలో ముప్పై ఏళ్ళు గడిపింది. ఏ లోపమూ ఆమె కంటినుంచి తప్పించుకునేది కాదు, మొగుడి లోపాలతో సహా.

ఆ లోపాల్లో పెద్దది, ఆయన మాట్లాడకపోవడం. చెడ్డవాడు కాదు, కోపిష్టీ కాదు. ఇంట్లో ఉంటే "ఊఁ", "కానీ", "మకాన్ అయిందా" అనే మూడింటితోనే కాపురం నడిపేస్తాడు, అంతే. మకాన్ అంటే మలయ్ భాషలో తిండి. ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పే మొగుడు కావాలని ఆమెకెంత ఆశగా ఉండేదో ఆయనకి తెలియదు. వారమంతా డ్యూటీలు. ఇద్దరికీ కలిసొచ్చే రోజు ఆదివారం ఒక్కటే. దాన్నేమో పదిహేనేళ్ళుగా పడవ ఎత్తుకుపోయింది. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు మారలేదు.

ఈ ఏడాది కళ్ళ డాక్టరు అడ్డుపడ్డాడు. పరశురాముడికి పక్కచూపు తగ్గుతోందనీ, ఇక పడవ నడపడం మానుకోవాలనీ చెప్పాడు. ఆయన ఇంటికొచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ, "అది అమ్మేస్తాను" అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పుష్పవల్లి ఎగిరి గంతేసినంత పనిచేసింది. పైకి మాత్రం "అయ్యో, అట్లాగా" అని గదిలోకి పోయి కూతురు పునీతకి ఫోను చేసింది. "ఫైనల్లీ లా, మా. నౌ యూ గెట్ యువర్ సండే బ్యాక్" అంది పునీత. అప్పటికే పుష్పవల్లి మనసులో ఆదివారాలన్నీ పంచిపెట్టేసింది. పొద్దున కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్లో పరోటాలాంటి ప్రాటా, తర్వాత గుడి, నెలకోసారి మలేసియా సరిహద్దు దాటి జొహోర్ వెళ్ళి బట్టలు కొనుక్కోవడం. పక్కన మొగుడు. మొగుడు మాట్లాడుతూ.

కొనడానికి వచ్చినవాడు చక్రధర్. కాకినాడ అబ్బాయి, చాంగీ బిజినెస్ పార్కులో బ్యాంకు కంప్యూటర్లు చూస్తాడు. పడవ నడిపే లైసెన్సు కొత్తగా తెచ్చుకున్నాడు. ఎంత కొత్తగానంటే, పర్సులోంచి తీసి అడగనివాళ్ళకి కూడా చూపిస్తున్నాడు. బేరం కుదిరింది. మిగిలిందల్లా పేరు మార్చడమే. ఒక శనివారం ఆ పనిమీదే ఇంటికొచ్చాడు.

పరశురాముడు ముందే బిగుసుకుని కూర్చున్నాడు. కాఫీ షాపులో ఎవడో పడవ అమ్మితే జీఎస్టీ కట్టాలనీ, లాభం మీద ఇంకో పన్ననీ, స్టాంపులనీ చెప్పి ఆయన్ని హడలగొట్టి పంపాడు.

"అవేం లేవండి అంకుల్. నేను కనుక్కునే వచ్చాను" అన్నాడు చక్రధర్. "మీరు పడవల వ్యాపారం చేయట్లేదు కదండి. వాడుకున్న సొంత పడవ అమ్ముకుంటున్నారు. నా దగ్గర జీఎస్టీ వసూలు చెయ్యక్కర్లేదు, కట్టక్కర్లేదు. స్టాంపు డ్యూటీ ఇళ్ళకీ షేర్లకీ అండి, పడవకి కాదు. బయటిదేశం నుంచి తెచ్చినప్పుడు కట్టాల్సిన పన్ను కట్టారో లేదో, ఆ కాగితం ఒక్కటి చూపించండి చాలు."

ఆ కాగితం ఉంది. తనకి అమ్మిన చైనీస్ పెద్దాయన ఇచ్చింది భద్రంగానే దాచాడు.

"మరి ఇన్సూరెన్స్?" అన్నాడు పరశురాముడు.

"మీది నాకు పనికిరాదండి. నా పేరున కొత్తది తీసుకుంటాను. పోర్టువాళ్ళ దగ్గర ఓనరు పేరు మారితే అయిపోయినట్టే. మీ ఫోనివ్వండి."

ఇక్కడ ప్రభుత్వపు పని ఏదైనా సింగ్‌పాస్ అనే యాప్‌లోంచే మొదలవుతుంది. పరశురాముడు అందులోకి వెళ్ళాడు. చక్రధర్ పక్కన కూర్చుని ఒక్కోటీ నొక్కించాడు. చివరికి, ఈయన పేరున పడవలేవీ లేవని వచ్చింది. ఇంకోసారి చూశారు. లేవు. చక్రధర్ మొహంలో రంగు మారింది. ఎవరి పడవనో తనకి అంటగడుతున్నారా అని అనుమానపడ్డాడు పాపం, పైకి అనలేదు.

పరశురాముడు కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత వంటింటివైపు చూశాడు. తర్వాత నీళ్ళు నమిలాడు.

"పుష్పా, ఒకసారి ఇటు రా. అది నీ పేరున ఉంది."

అప్పుడు బయటపడింది కథ. పడవ కొనేటప్పుడు పెరాక్‌లోని ఒక జ్యోతిష్కుడు, నీకు జలగండం ఉంది, నీటిమీద తిరిగేది ఏదీ నీ పేరున ఉండకూడదన్నాడట. ఈయన పెళ్ళాం పేరు రాయించేశాడు. ఏవో ఇంటి కాగితాలతో కలిపి ఆమె చేత సంతకం పెట్టించాడు. ఏటా లైసెన్సు రెన్యువల్ యార్డు ఆఫీసులోని అమ్మాయే చూసుకునేది కాబట్టి తర్వాత తనూ మర్చిపోయాడు.

పుష్పవల్లి చేతిలో అట్లకాడతో అలాగే నిలబడింది. "మీ పేరున ఉంటే మీకు గండం. నా పేరున ఉంటే నేను మునిగినా ఫర్వాలేదా?"

"నీ జాతకం గట్టిదన్నాడు" అన్నాడు పరశురాముడు.

చక్రధర్‌కి నవ్వొచ్చింది గానీ, ఆంటీ చూపు చూసి మింగేశాడు. "ఆంటీ, ఇప్పుడు మీ సింగ్‌పాస్ తెరిచి, మొహం ఒకసారి కెమెరాకి చూపిస్తే చాలండి. పని అయిపోద్ది" అన్నాడు.

"చూపించను."

"ఎందుకండి?"

"ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో, చూడని పీసు మీద స్టిక్కరు వెయ్యలేదు బాబూ. నాది అంటున్నారు కదా, రేపు ఆదివారం. నన్ను దాంట్లో తిప్పండి. చూసి, అప్పుడు అమ్ముతాను."

ఆమె బింకం వెనక ఉన్నది వేరు. పదిహేనేళ్ళు తన ఆదివారాలు తినేసిన దాన్ని వదిలించుకునే ముందు దాని మొహం ఒకసారి చూడాలనిపించింది. ఈ మనిషికి ఇంట్లో దొరకనిదేమిటో, అక్కడ దొరికేదేమిటో తెలుసుకోవాలి. తెలుసుకున్నాక తన చేత్తోనే తెంపేయాలి.

మర్నాడు పొద్దున వాంతులు రాకుండా మాత్ర మింగి, అల్లం మిఠాయి కొంగున కట్టుకుని పడవెక్కింది. చక్రధర్ చుక్కాని పట్టుకున్నాడు. పరశురాముడు పక్కన నిలబడ్డాడు. మోటారు మోగి, పడవ గట్టు వదిలింది.

అంతే, పరశురాముడి నోరు తెరుచుకుంది.

"కొంచెం ఎడంగా పో తంబీ, అక్కడ లోతు లేదు. పుష్పా, అదిగో చూడు, అదే పులావ్ ఉబిన్ దీవి. ఆ తెల్ల కొంగ రోజూ అక్కడే ఉంటుంది, నేనొస్తే తల తిప్పి చూస్తుంది. అక్కడొకసారి నా గాలానికి ఎంత చేప పడిందనుకున్నావ్, నన్నే లాక్కుపోబోయింది. మా నాయన ఉంటే దాన్ని పులుసు పెట్టమని..." ఇలా ఒకటే వాగుడు. తండ్రి గురించి మాట్లాడాడు. చిన్నప్పుడు పెరాక్ ఏట్లో ఈత నేర్చుకుంటూ ఎలా మునగబోయాడో చెప్పాడు. కాపురానికొచ్చిన కొత్తలో ఆమె చేసిన మాడిన సాంబారు సంగతి చెప్పి పగలబడి నవ్వాడు. పెళ్ళిచూపుల్లో తను ఒప్పుకున్న మనిషి ఇలాగే నవ్వేవాడని పుష్పవల్లికి గుర్తొచ్చింది. ఆ మనిషి షిప్‌యార్డులో ఎక్కడో తప్పిపోయాడనుకుంది ఇన్నాళ్ళూ. ఇక్కడ బతికే ఉన్నాడు.

ఆమెకి కడుపులో తిప్పలేదు. చక్రధర్‌కి తిప్పింది. సముద్రం ఒడ్డున పుట్టిన కుర్రాడు మొహం పాలిపోయి చుక్కాని అంకుల్ చేతికిచ్చి, పడవ అంచుమీంచి వంగి కక్కుకున్నాడు. ఆమె అతనికి అల్లం మిఠాయి పెట్టి, నీళ్ళిచ్చి, కూర్చోవడానికి చోటు కోసం వెనక్కి తిరిగింది.

వెనకాల నీడపట్టున ఒక సీటుంది. మిగిలినవన్నీ ఎండకి వెలిసిపోయిన చెక్క బల్లలైతే, దీనికి మాత్రం మెత్త, ఆనుకోవడానికి వీపు, పట్టుకోవడానికి స్టీలు కడ్డీ. కడ్డీ మీద అతుకు ఎంత నున్నగా ఉందో చూస్తే ఎవరు వెల్డింగు చేశారో అడగక్కర్లేదు. మెత్తమీద ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు.

"ఇదెవరికి?" అంది.

"నీకే. కొన్న ఏడే చేసినాను. అడిగితే, నీళ్ళంటే కడుపులో తిప్పుతుంది, నేను రానంటివి. ఎవరన్నా కూర్చుంటే మాసిపోతుందని కవరు ఉంచేసినాను." నీళ్ళవైపు చూస్తూ, మామూలుగా చెప్పాడు.

పుష్పవల్లికి ఆ రోజు గుర్తుంది. అంది, నిజమే. మూతి ముడుచుకుని మరీ అంది. ఆయన రెండోసారి అడగలేదు, ఆమె రెండోసారి ఆలోచించలేదు. ఆమె చక్రధర్ని వేరే బల్లమీద కూర్చోబెట్టి, ఆ కవరు చింపి పారేసి, తన సీట్లో కూర్చుంది. గట్టు వచ్చేదాకా ఆ స్టీలు కడ్డీ మీంచి చెయ్యి తియ్యలేదు.

గట్టుకి చేరాక పరశురాముడు పైపు పట్టుకుని పడవ కడగడం మొదలుపెట్టాడు. మళ్ళీ నోరు మూసుకున్నాడు. చక్రధర్ మొహం తుడుచుకుని వచ్చాడు. "ఆంటీ, ఇప్పుడు కెమెరాకి చూపిస్తే..."

"నేను అమ్మను బాబూ."

"బేరం ఇంకో రెండొందలు పెంచుతానండి."

"ధర సంగతి కాదు. నాకు ఆదివారం మా ఆయన కావాలి. దీన్ని అమ్మితే ఇంటికొచ్చేది ఒట్టి మనిషి. మా ఆయన ఉండేది ఇక్కడ. నాకిప్పుడే తెలిసింది."

చక్రధర్‌కి కష్టంగానే అనిపించింది. ఆశపడ్డాడు మరి. "సరేనండి. అయితే నడిపేదెవరండి? అంకుల్ నడపకూడదు కదా" అన్నాడు.

"నేర్చుకుంటాను. ఇందాక నువ్వు మొహం తుడుచుకునేలోపే ఆఫీసులో అమ్మాయిని అడిగినాను, అరవై దాటినాక నేర్పిస్తారా అని. బోలే, ఆంటీ, ఎందుకు నేర్పించరు, అంది. నాకు లైసెన్సు వచ్చేదాకా ఆదివారాలు నువ్వొచ్చి నడుపు. పెట్రోలు మాది, మకాన్ మాది. నీకు ఇంకో మంచి పడవ మా ఆయనే చూసిపెడతాడు."

పైపులోంచి నీళ్ళు ఒకేచోట పడుతున్నాయి. పరశురాముడు వెనక్కి తిరిగాడు. కళ్ళు తడిసి ఉన్నాయి. పైపు నీళ్ళనుకోవడానికి లేదు, అవి అటువైపు పడుతున్నాయి.

"నీకు వాంతులొస్తాయి కదే" అన్నాడు.

"ఇవాళ ఎవరికొచ్చినాయో చూసినారు కదా. పదిహేనేళ్ళ కిందట ఇంకోసారి అడిగి ఉండొచ్చు మీరు."

"ఇప్పుడడుగుతున్నాను" అన్నాడాయన. "వచ్చే ఆదివారం వస్తావా?"

ఆమెకి ఏడుపూ వచ్చింది, ఇన్నేళ్ళు పోగొట్టుకున్నందుకు ఇద్దరిమీదా కోపమూ వచ్చింది. "వస్తాను. ఎన్నింటికో చెప్పండి" అంది.

ఆ సాయంత్రం బస్సెక్కినప్పటినుంచి ఆంగ్ మో కియోలో దిగేదాకా పరశురాముడు నోరు మూస్తే ఒట్టు.