పారాణి బిళ్ళ

తప్పులు పట్టడం నా ఉద్యోగం. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో కూర్చుని, వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో లోపాలు వెతికి పెడతాను. ఇంటికొచ్చాక కూడా ఆ బుద్ధి పోదు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి కింది ఫ్లాటువాళ్ళు కారు పెట్టే తీరు దాకా ఏదో ఒకటి అనకపోతే నాకు తోచదు. "ఇంట్లో కూడా టెస్టింగేనా తల్లీ" అని మా ఆయన దండం పెడుతుంటాడు. ఇది ఆఫీసు అంటించిన జబ్బని అందరూ అనుకుంటారు. కాదు, మా నాన్న అంటించాడు, అదీ తపాలా బిళ్ళల మీద.

నాన్న సర్కారు ఆఫీసులో గుమాస్తా. తెనాలి వైపు నుంచి వచ్చి కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో స్థిరపడ్డవాళ్ళం. నా చిన్నప్పుడు ఆదివారం వచ్చిందంటే మా ముందుగది నిండా చెప్పుల జతలే. బిళ్ళలు పోగేసేవాళ్ళు ఏది కొనాలన్నా ముందు నాన్నకి చూపించుకునేవారు. నాన్న భూతద్దం పెట్టి అంచు పళ్ళు లెక్కపెట్టేవాడు, కిటికీ వెలుతురుకి ఎత్తి కాగితంలో దాగిన గుర్తు వెతికేవాడు, వెనక జిగురు వాసన చూసేవాడు. తెచ్చినవాడు కుర్చీ అంచుకి జరిగి కూర్చునేవాడు. నాన్న మాత్రం తొందరపడకుండా కాఫీ పూర్తిగా తాగి, అప్పుడు అనేవాడు, "దొంగది." ఆ మాట మీద అప్పీలు లేదు. ఆయన మోకాలి పక్కన నేలమీద కూర్చుని ఆ తీర్పులు వినడం నాకు సినిమాకంటే ఇష్టంగా ఉండేది. ఇప్పుడు తలుచుకున్నా ఆ గది, ఆ కాఫీ వాసన, ఆ మనుషుల గుసగుసలు అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడతాయి.

పోయినేడాది అమ్మ పోయింది. కాలనీ ఇల్లు కిరాయికిచ్చి నాన్న మణికొండలో మా దగ్గరికి వచ్చేశాడు. వచ్చాడన్నమాటే గాని, మనిషి సగం రాలేదు. రోజంతా గోడకేసి చూస్తూ కూర్చునేవాడు, పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. అమ్మ ఊసెత్తితే మాత్రం "కరెంటు బిల్లు కట్టావా?" అని మాట మార్చేసేవాడు. నేను ఏడుద్దామన్నా ఎదురుగా కూర్చుని కలిసి ఏడ్చే మనిషి లేకపోయాడు. ఆ కోపం నాకు చాలా రోజులు ఉంది.

చివరికి ఏమీ తోచక ఒకరోజు నా పాత ట్యాబ్‌లో పాత బిళ్ళలు అమ్మే సైటు తెరిచి ఆయన చేతిలో పెట్టాను. మొదట "ఫొటో చూసి బిళ్ళ కొనేదేవిటే, పెళ్ళికూతుర్నా?" అని వెక్కిరించాడు. వారం తిరక్కుండా నేను ఆఫీసునుంచి రావడం ఆలస్యమైతే ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. రాగానే బాల్కనీలో కూర్చుని ఇద్దరం దొంగల్ని పట్టేవాళ్ళం. బొమ్మ పెద్దది చేస్తే సన్నటి చుక్కలు కనబడుతున్నాయా, అది ఈమధ్య కంప్యూటర్ ప్రింటర్లో తీసింది. అంత అరుదైన బిళ్ళ ఒకే మనిషి దగ్గర అరడజను ఉన్నాయా, అనుమానించాల్సిందే. కాగితం మాత్రం ముసలిది, పోస్టాఫీసు ముద్ర నిన్నటిదిలా నిగనిగలాడుతోందా, టీ నీళ్ళలో ముంచి వయసు పెంచారన్నమాట. వెనకవైపు ఫొటో పంపమని నేను రాసేదాన్ని, సగంమంది జవాబే ఇచ్చేవారు కాదు. దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు. ఒక్కొక్కడు దొరికినప్పుడల్లా నాన్న తొడ చరిచి "దొంగ వెధవ!" అనేవాడు, పక్క ఫ్లాటులోకి వినబడేలా. ఆ తిట్టు నా చెవులకి ఎంత కమ్మగా ఉండేదో చెప్పలేను.

అలాంటి మనిషి, నేను ఆఫీసులో ఉండగా, నాకు చెప్పకుండా ఒక బిళ్ళ కొన్నాడు.

గురువారం సాయంత్రం గుమ్మంలోనే ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. చేతిలో ఆ రోజే పోస్టులో వచ్చిన బిళ్ళ, పక్షి బొమ్మ ఉన్న పాతది. మామూలుగా అయితే పక్షి వెనకంతా తెల్లగా ఉంటుంది. దీనికి ఇటుక ఎరుపు. అచ్చులో రంగు తారుమారైన అరుదైన బిళ్ళ అని అమ్మినవాడు రాశాడట.

"అన్నీ చూశాను. పళ్ళు సరిపోయాయి, కాగితం సరైనదే, ముద్ర కూడా ఆ కాలందే. సిరా కాస్త వెనక్కి ఊరింది, పాత అచ్చు కదా. ఆదివారం మనవాళ్ళకి చూపిస్తానని ఫోన్ చేసి చెప్పేశా," అన్నాడు.

మనవాళ్ళంటే ఇద్దరే. పాత ఆదివారాల గుంపులో మిగిలిన స్నేహితులు. ఒకాయన మా వైపునుంచే వచ్చిన లెక్కల మాస్టారు, ఇంకొకాయన ఇక్కడివాడే, ఆర్టీసీలో చేశాడు. నెలకోసారి కాలనీ టిఫిన్ సెంటర్లో కలుస్తారు. బిళ్ళల విషయంలో వాళ్ళకి ఇవాళ్టికీ నాన్న మాటే వేదం.

బిళ్ళ చేతిలోకి తీసుకున్నాను. ఎరుపు చట్రం దాటి అంచు పళ్ళ దాకా పాకింది. తిప్పితే వెనకా అదే ఎరుపు, మచ్చలు మచ్చలుగా. అచ్చు రంగు అలా కాగితం తాగేసినట్టు ఉండదు. కానీ నేను ఆగిపోయింది అందుకు కాదు. ఆ ఎరుపు నాకు తెలుసు.

మా ఇంటికి బంధువుల శుభలేఖలు వచ్చేవి, నాలుగు మూలలా పసుపు పెట్టి. కవరు మీద బిళ్ళకీ ఆ పసుపు అంటేది. కవర్లనుంచి బిళ్ళలు విడదీసే పని అమ్మది. వంట అయ్యాక బేసిన్లో నీళ్ళుపోసి, కవరు ముక్కలు నానేసి, ఊడివచ్చిన బిళ్ళల్ని పాత పేపర్ల మీద బోర్లా ఆరబెట్టేది. పసుపు అంటినవి పక్కన పెట్టేసేది. ఒకసారి నేను తెలివిమీరి వాటిని బట్టలసబ్బుతో రుద్దాను. చూస్తుండగానే పసుపు పోయి ఎర్రగా అయిపోయాయి. నేను బావురుమంటే అమ్మ కడుపుబ్బ నవ్వింది. "పసుపులో సున్నం కలిపితే పారాణి కాదుటే? సబ్బయినా అంతే. బిళ్ళకి పారాణి పూశావు, ఇక పెళ్ళే తరువాయి!" అంది.

ఇది అదే. బిళ్ళ అసలుదే, అందుకే నాన్న పరీక్షలన్నీ నెగ్గింది. ఎరుపు ఒక్కటే దొంగది.

చెప్పాలా? పదిమంది ఇంజినీర్ల ఎదుట మేనేజరు తప్పు మొహాన చెప్పిన నోరు ఇది, ఆ పూట పెగల్లేదు. చెప్పకపోతే, ఆదివారం చూపించాక ఎవరికైనా తెలిసిందంటే పరువు పోతుంది. చెప్తే, తన కంటిమీద ఆయనకున్న నమ్మకం పోతుంది. ఆ నమ్మకం తప్ప ఆయన్ని పొద్దున్నే మంచం మీదనుంచి లేపేది ఏమీ లేదు. మళ్ళీ ఆ గోడకేసి చూసే మనిషిని చూడటం నావల్ల కాదు. శుక్రవారం ఊరుకున్నాను. శనివారం ఆయనే అడిగాడు.

"రెండ్రోజులైంది, ఒక్క వంక పెట్టలేదు. నీకేమైనా జబ్బు చేసిందా?"

"నాన్నా, అది పసుపు," అన్నాను.

నవ్వాడు. తర్వాత కోప్పడ్డాడు. "నలభై ఏళ్ళుగా చూస్తున్నా, నాకు చెప్తావా?" అన్నాడు. తర్వాత, "రుజువు చెయ్యి" అన్నాడు.

"నిమ్మరసం పడితే ఎరుపు పోయి మళ్ళీ పసుపైపోతుంది. కానీ తడిపితే ఇక వాపసు తీసుకోరు. ముందు పంపించేద్దాం."

"పంపిస్తే ఇంకొకడికి అంటగడతాడు. నిమ్మకాయ తే."

తనే కోసి, చెంచాలో పిండి, వేలికొసతో ఒక మూల తాకించాడు. ఎరుపు కరిగి, పండు పసుపు పొడుచుకొచ్చింది. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఇంకొకడుంటాడు. నాన్న చెంచా పక్కన పెట్టి, వేలు చొక్కాకి తుడుచుకున్నాడు. తిట్టలేదు. "దొంగ వెధవ" అని ఒక్కసారి అంటే బాగుండుననిపించింది.

"నీకెలా తెలిసింది?"

"అమ్మ," అన్నాను.

కరెంటు బిల్లు గురించి అడుగుతాడనుకున్నాను. ఏమీ అడగలేదు, లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. నా నోరు పడిపోయినా బాగుండేదని నన్ను నేను తిట్టుకున్నాను.

ఆదివారం ఆయన రాడనే అనుకున్నాను. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని కారు దగ్గర నిలబడ్డాడు. దారంతా బిళ్ళ ఉన్న జేబు మీదనుంచి చెయ్యి తీయలేదు. ఆఫీసులన్నీ మూసి, ఆ రోడ్లు ఎవరివో అన్నట్టున్నాయి.

టిఫిన్ సెంటర్లో ఇద్దరూ ముందే వచ్చి కూర్చున్నారు. నాన్న బిళ్ళ తీసి బల్లమీద పెట్టాడు. పసుపు తేలిన మూల ఆయన వేలికింద ఉంది.

"అరె, కిరాక్ ఉన్నదన్నా! యాడ దొరికింది?" అన్నాడు ఆర్టీసీ ఆయన.

"అద్భుతమండీ! ఎంతైనా మీ కన్ను మీ కన్నేనండీ," అన్నారు మాస్టారు.

నాన్న వేలు తీసేశాడు. "దొంగది. పసుపు పెట్టి సబ్బులో ముంచారు. నేను పట్టుకోలేకపోయాను."

"నువ్వు గిట్ల మోసపోవుడేందన్నా? ఇన్నేండ్లు నీకు చూపియ్యకుంట ఒక్క బిళ్ళన్న కొన్నమా మేము?"

నాన్న నీళ్ళగ్లాసు పక్కకి జరిపాడు. నేను మాట మార్చబోయాను, చేత్తో ఆపాడు.

"మీరు నాకు చూపించేవారు. మా ఇంటికొచ్చిన ఏ బిళ్ళయినా ముందు మా ఆవిడ తడిపి, ఆరబెట్టి, పనికిరానివి ఏరేసి, మిగిలినవే నా ముందు పెట్టేది. పసుపంటిన బిళ్ళ నేను జన్మలో చూసి ఎరగను. చూడకుండా ఆవిడే అడ్డం ఉంది." బిళ్ళ చేతిలోకి తీసుకున్నాడు. "ఇప్పుడు అన్నీ తిన్నగా నా దగ్గరికే వస్తున్నాయి."

మాస్టారు ఆయన భుజం మీద చెయ్యి వేశారు. నాన్న ఏడ్చాడు, అందరూ చూస్తుండగా, కళ్ళు తుడుచుకోకుండా. నేనూ కుర్చీ దగ్గరికి లాక్కుని ఆయన పక్కనే కూర్చుని ఏడ్చాను.