ఇద్దరికీ ఒకే సంచి

మమ్మల్ని మంచుకొండల మీదికి నడిపించే లీడర్‌ని అందరం దాదా అంటాం. ఆయన పెట్టిన నియమం: కంచరగాడిద మీద ఇద్దరికి ఒకే సంచి, ఆ ఇద్దరికీ ఒకే టెంటు. నాకు జతపడింది నా బావమరిది. బయల్దేరే ముందు సాయంత్రం మా ఊళ్ళోనే, సాల్ట్ లేక్ పేటలో, సంచులు విప్పి చూస్తారు. అందులో నూలు బట్ట కనబడితే ఆ మనిషి ఆగిపోవాల్సిందే. ఈ నియమం నేను సరిగా చదవలేదు. ఎప్పుడో డార్జిలింగ్ వెళ్ళినప్పుడు ఏమేం సరిపోయాయో నా పాత డైరీలో ఉంటే, దాని ప్రకారమే సర్దాను.

తనిఖీకి ముందురోజు వాడు తన బట్టలు తెచ్చి మా మంచం మీద కుమ్మరించాడు. నేను మడతపెట్టి పేర్చినదంతా లాగేసి, నా బనీన్లు ఒక్కొక్కటే నేలమీదికి విసిరాడు.

"ఏటి బావా ఇవి? అన్నీ నూలువే కదేటి. చెమటకి తడిస్తే ఆరవు, చలికి కొయ్యబారిపోతావు."

"నలభై ఏళ్ళ నుంచి ఇవే వేసుకుంటున్నాను."

"కొండకేటి తెలుసు నీ నలభై ఏళ్ళు? రేపు దాదా చూడకపోయినా నేనే చెప్పి నీ పేరు కొట్టించేస్తాను."

"కొట్టించెయ్‌రా," అంది నా భార్య గుమ్మంలోంచి. "మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కే మనిషికి కొండలెందుకు?"

అక్కాతమ్ముళ్ళు ఒకటైపోయారు. వాడు నా స్వెట్టరు వాసన చూసి ముక్కు మూసుకున్నాడు. "ఈ కలరా ఉండల కంపుతో నీ పక్కన పడుకోవాలేటి నేను?" అది వాళ్ళక్క అల్లిన స్వెట్టరు. ఆవిడ దాన్ని వాడి చేతిలోంచి లాక్కుని మళ్ళీ మడతపెట్టింది.

బట్టలు అక్కడే వదిలేసి వాడు వెళ్ళిపోయాడు. ఎవరి మాటా పరీక్షించకుండా ఒప్పుకునే అలవాటు నాకు లేదు. నా బనీను ఒకటి, వాడి పాలిస్టర్ టీషర్టు ఒకటి, నడకకని వాడు తెచ్చిన రెండు జీన్సు పాంట్లూ బకెట్లో ముంచి, పిండి, వరండాలో ఆరేశాను. తెల్లారేసరికి టీషర్టు పొడిగా ఉంది. బనీను చల్లగా, తడిగా చేతికి అంటుకుంది. వాడన్నది నిజమే. అందుకు వాడిమీద ఒళ్ళు ఇంకా మండింది. జీన్సు అంచుల నుంచి మాత్రం నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

బజారుకెళ్ళి పాలిస్టర్ బనీన్లు కొనుక్కొచ్చి సంచి మళ్ళీ సర్దాను. మధ్యాహ్నం వాడొచ్చాడు.

"నా జీన్సు ఏవి బావా?"

"వరండాలో ఉన్నాయి. ఆరడం లేదు."

వెళ్ళి పట్టుకు చూశాడు. "రెండూ తడిపేశావేటి?"

"నూలువే కదా. దాదాకి నేను చెప్పనా, నువ్వే చెప్తావా?"

వాడు వాళ్ళక్క వైపు చూశాడు. ఆవిడ ఈసారి నవ్వు ఆపుకుంటూ నా ట్రాక్ పాంట్లు రెండు తెచ్చి వాడి ఒళ్ళో పడేసింది. వాడికవి చీలమండల పైకే వచ్చాయి. వేరే దారి లేదు, సాయంత్రం ఒకటి వేసుకునే వచ్చాడు.

తనిఖీలో మా సంచికి ఏ అభ్యంతరమూ రాలేదు. తిరుగుదారిలో క్యాబ్‌లో వాడు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక, స్వెట్టరు జేబుల్లోంచి కలరా ఉండలు తీసెయ్యమని నా భార్య రెండుసార్లు గుర్తు చేసింది. తియ్యలేదు. టెంట్లో నా పక్కన పడుకోబోయేది వాడే.